బొరుగుల బట్టీ పొగ

గోరంట్ల నుంచి కళ్యాణదుర్గం కాపురానికి వచ్చిన మొదటి నెలలోనే నాకు ఒక సంగతి తెలిసొచ్చింది. మా ఇంట్లో ఉతికిన చీర మిద్దె మీద ఆరేయకూడదు. ఇంటి వెనకే బొరుగుల బట్టీ, దాని మీద పొగగొట్టం. ఆరేసిన చీర తీసేసరికి నల్లటి మసి చుక్కలు పడి ఉంటాయి. మా పుట్టింటివాళ్లు పెట్టిన నిమ్మపండు రంగు చీర ఆ మసికే పోయింది. నేను మిద్దె మీదే కూచుని ఏడిస్తే మా అత్త వచ్చి, "పొగ వస్తాండాదంటే మన పొయ్యి మీద కుండ ఉండాదని లెక్క, ఏడ్వద్దు లే ఆదీ" అంది. చీర పోయినదానికి ఇదేం ఓదార్పో నాకు అర్థం కాలేదు. ఆ చీర మీద నాకు ఇప్పటికీ బెంగే.

అప్పట్లో మా వీధికి గడియారం అక్కర్లేదు. తెల్లవారకముందే మా ఆయన రామకృష్ణయ్య లేచి బట్టీలో శెనక్కాయ పొట్టు పోసి నిప్పు పెట్టేవాడు. పెద్ద ఇనుప మూకుడులో ఇసుక కాగేసరికి మా దగ్గర వేయించే పని చేసే ఓబుళేసు తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చేవాడు. ఉప్పునీళ్లు పట్టించి ఆరబెట్టిన బియ్యం ఆ ఇసుకలో పోసి గరిటెతో నాలుగు తిప్పులు తిప్పితే చాలు, చిటపటమంటూ పొంగి బొరుగులు మూకుడు నిండా తెల్లగా లేచేవి. ఓబుళేసు పెండ్లాం హనుమంతమ్మ వాటిని జల్లెడలో పోసి ఇసుక రాల్చేది. ఆ వాసనకే వీధి లేచేది. వాకిళ్లలో నీళ్లు చల్లే చప్పుడు ఆ తర్వాతే వినపడేది.

మొదటి వాయి మేం అమ్మేవాళ్లం కాదు. అది మా మామ పెట్టిన ఆచారం. పొద్దున్నే బెంగళూరు బస్సుకి పోయే కూలీజనం మా వాకిట్లో ఆగి, కొంగుల్లో తువ్వాళ్లలో వేడి బొరుగులు పోయించుకుని పోయేవాళ్లు. వానలు మొహం చాటేసిన ఏడు ఆ గుంపు పెద్దదిగా ఉండేది, వానలు పడిన ఏడు చిన్నదిగా ఉండేది. మా ఊళ్లో వానలెట్లా పడ్డాయో మా వాకిలి చూస్తే తెలిసిపోయేది. నేను ఆ రోజుల్లో దీనికి గొణుక్కునేదాన్ని, అది వేరే మాట. గొణుక్కుంటూనే వాళ్లకి పోసేదాన్ని.

పోయిన ఏడాది దీపావళి దాటాక మా కొడుకు భరత్‌కుమార్ ఈ బట్టీ మూసేద్దామన్నాడు. ఇంటి ముందర కిరాణా అంగడి వాడిదే. వాడు చెడ్డవాడు కాదు, తలనొప్పి పడలేనివాడు.

"నాయనా, శెనక్కాయ పొట్టు దొరకడమే గగనమైపాయ. ఇటుకల బట్టీలోళ్లు లారీలకు లారీలు ఎత్తకపోతాండారు. సేన్లలో శెనక్కాయ పెట్టేవాళ్లు కూడా తగ్గిపాయ. అంగట్లో వచ్చిన దుడ్లు తెచ్చి ఈ బట్టీలో పోస్తాండాం. పడగొట్టి రూములు కడితే బాడుగలన్నా వస్తాయి" అన్నాడు.

"నేను పోయినాక పడగొట్టుకోరా. అప్పుడు నేనేం అడ్డం రాను" అన్నాడు మా ఆయన. కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు కూడా. బట్టీ పోతే ఆయన పొద్దున్నే లేచి ఏం చేస్తాడో నాకు ఊహకు రాలేదు. ఊహించుకోవాలంటే భయం వేసింది.

అప్పుడు మా కోడలు లావణ్య నోరు తెరిచింది. పెళ్లికి ముందు హిందూపురం దగ్గర ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ సూపర్‌వైజరుగా చేసిన పిల్ల. బిడ్డ పుట్టాక మానేసింది. ఇప్పుడు బిడ్డ బడికి పోతోంది, ఈ పిల్లకి చేతులు ఊరికే ఉండటం లేదు.

"మామా, ఉగాది దాకా బట్టీ నాకు అప్పజెప్పండి. అప్పటికీ అంగడి దుడ్లు తింటాంటే మీ కొడుకు చెప్పినట్లే చేద్దాం" అంది.

భరత్ సరేనన్నాడు. మా ఆయన కోడలి మొహం చూసి, నా మొహం చూసి, తల ఊపాడు. ఉగాదికి బట్టీ తన కాళ్ల మీద తను నిలబడాలి, లేకపోతే పడగొట్టాలి. ఒప్పందం అది.

మరుసటి రోజు నుంచి లావణ్య ఒక స్టూలు వేసుకుని బట్టీ ఎదురుగా కూచుంది. పనేమీ చేయలేదు, చూసింది. ఓబుళేసు బియ్యం తేవడానికి ఎంత దూరం నడుస్తున్నాడు, ఆలోపల ఇసుక ఎంత చల్లారుతోంది, హనుమంతమ్మ జల్లెడ ఆ మూల ఎందుకుంది, అన్నీ చూసింది. "పెళ్లిచూపుల్లో నా కొడుకుని కూడా ఇంతసేపు చూసి ఉండవు నువ్వు" అన్నాను. నవ్వింది గాని స్టూలు దిగలేదు.

చివరికి ఒక రోజు వంటింట్లోకి వచ్చి నాతో అంది. "అత్తా, మనం పొట్టు కాల్చేది బొరుగులకి కాదు. రాత్రంతా చల్లారిన ఇసుకని పొద్దున్నే మళ్లా కాగబెట్టేదానికి. అంత కష్టపడి కాగబెట్టి, కొంచెం బియ్యం వేయించి మళ్లా ఆర్పేస్తాండాం. దినాము ఇదే పని. రెండు దినాల బియ్యం ఒకే దినం వేయిస్తే ఇసుక ఒక్కసారి కాగితే చాలు కదా?"

"రెండో దినానికి మెత్తబడవా?" అన్నాను.

"మూట నోరు తెరిచి పెడితే మెత్తబడతాయి. లోపల ప్లాస్టిక్ సంచి పెట్టి బిగించి కట్టేద్దాం."

నలభై ఏళ్లుగా అక్కడే తిరుగుతున్నాను, నాకు తట్టలేదు. మా ఆయనకీ తట్టలేదు. తట్టకపోవడమేంటి, తెల్లవారితే బట్టీ అంటించాలి, అంతే. అన్నం తినాలా వద్దా అని ఎవరైనా ఆలోచిస్తారా?

లావణ్య అన్నీ మార్చింది. దినం మార్చి దినం బట్టీ. బియ్యానికి ఉప్పు ముందు రోజే పట్టించి ఓబుళేసు చేతికందేట్టు పెట్టించింది. జల్లెడ మూకుడు పక్కకే వచ్చింది. బొరుగులతో ఉగ్గాని చేసి అమ్మే హోటళ్లకి తనే ఫోన్లు చేసి, ఏ రోజు ఎన్ని మూటలు కావాలో ముందే చెప్పించుకుంది. మెత్తబడ్డాయని అంగళ్లవాళ్లు వెనక్కి పంపే మూటలు ఆగిపోయాయి. బస్సు జనం మొదటి వాయిని మాత్రం ముట్టుకోలేదు. బట్టీ అంటించని రోజు వాళ్లకి ముందటి రోజు మూటలోవి పోయమంది. మూకుడు దగ్గరి పనులన్నిటికీ మా ఆయన సరే సరే అన్నాడు. ఒక్కటే అడిగాడు.

"అంటించని దినం పొగ?"

"పొగెందుకు మామా? పొగ అమ్ముకుంటామా మనం?" అని నవ్వేసింది లావణ్య. ఆయన నవ్వలేదు. నేను అప్పుడు పట్టించుకోలేదు.

నాకైతే ఒక లాభం దక్కింది. బట్టీ లేని రోజు నా చీరలు మిద్దె మీద ఆరేసుకోవడం మొదలుపెట్టాను. ఈ వయసులో నాకు ఆ సంబరమేంటని మీరు నవ్వినా సరే.

సంక్రాంతి దాటేసరికి భరత్ కూడా బట్టీ వైపు రెండు మూడు సార్లు తొంగి చూసి పోయాడు. అంతా బాగానే ఉంది గాని పొట్టు దగ్గర మాత్రం లెక్క కుదరడం లేదు. బట్టీ అంటించేది సగం రోజులే, పొట్టు మాత్రం అంతకు మించి తరిగిపోతోంది. అసలు మిగలాల్సింది అక్కడే. పొట్టు మిగలకపోతే ఈ మార్పులన్నీ చేసి ఉపయోగం లేదు. లావణ్య రోజూ పొట్టు పోసే కొట్టంలోకి పోయి కుప్ప చూసి వచ్చేది. నిద్ర కూడా సరిగా పోవడం లేదని భరత్ చెప్పాడు.

ఒక మధ్యాహ్నం పని అయిపోయాక అందరం బట్టీ దగ్గరే ఉన్నాం. మా ఆయన పీట మీద కూచుని ఇసుకలో రాళ్లు ఏరుతున్నాడు. లావణ్య మెల్లగా అంది.

"ఓబుళేసు మామా, తప్పుగా అనుకోవద్దు. పొట్టు ఏమన్నా ఇంటికి తీసకపోతాండారా? కావాలంటే తీసకపోండి, నేను వద్దనను. చెప్పి తీసకపోతే చాలు."

కొట్టం తాళం ఓబుళేసు దగ్గర ఒకటి, మా ఇంట్లో ఒకటి ఉంటాయి. ఆ పిల్ల ఆ లెక్కన అడిగింది. ఓబుళేసు ఆమె వైపు చూడలేదు. మా ఆయన వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. మా ఆయన తల ఎత్తలేదు, రాళ్లు ఏరుతూనే ఉన్నాడు. ఓబుళేసు తలకున్న తువ్వాలు విప్పి, విదిలించి, భుజాన వేసుకున్నాడు.

"పోయొస్తా శెట్టన్నా" అన్నాడు. వెళ్లిపోయాడు.

హనుమంతమ్మ చేతిలో జల్లెడ గోడకి ఆనించింది. "అక్కా, మా ఇంట్లో గ్యాసుండాది" అని నాకు చెప్పి మొగుడి వెనకాలే పోయింది.

మరునాడు బట్టీ లేని రోజు. ఆ మరునాడు బట్టీ అంటించాం గాని ఓబుళేసు రాలేదు. మా ఆయనే గరిటె పట్టాడు. సగం మాడినవి, సగం పొంగనివి. హోటళ్లకి పంపడానికి ఒక్క మూట కూడా కాలేదు. బస్సు జనం ఉత్త చేతులతో పోయారు. "ఉగాది దాకా ఎందుకు, ఇప్పుడే మేస్త్రీని పిలుస్తా" అన్నాడు భరత్. లావణ్య మాడినవి ఏరి పక్కన పోసింది. మా ఆయన గరిటె గోడకి ఆనించి లోపలికి పోయాడు. పడగొడతామంటే ఆయన అడ్డం చెప్పకపోవడం నాకు నచ్చలేదు.

ఆ సాయంత్రమే నేను చీరలు మడత పెడుతున్నాను. ఎప్పుడూ ఎండెక్కాకే ఆరేసేదాన్ని, ఈ తెల్లచుక్కల చీర మాత్రం రాత్రే మిద్దె మీద ఆరేసి, ముందు రోజు పొద్దున తీశాను. అంచు పక్కన నల్లటి మసి చుక్కలు. ముందు రోజు బట్టీ అంటించలేదు కదా, మసి యాడ నుంచి వచ్చినట్లు? చీర చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.

మరుసటి పొద్దున బట్టీ లేని రోజు. ఇంకా మసక వెలుతురే. పక్క మీద మా ఆయన లేడు. వెనక్కి పోయి చూస్తే పొగగొట్టం లోంచి పొగ నిలువుగా లేస్తోంది. ఆ వాసన మాకు ఎంత అలవాటంటే, వచ్చినా ముక్కు పట్టించుకోదు. మేం వెనక్కి వచ్చేసరికి రోజూ ఆర్పేస్తున్నాడు కాబోలు. లోపల ఆయన ఒక్కడే కూచుని బట్టీలోకి పొట్టు తోస్తున్నాడు. మూకుడులో ఇసుక లేదు. బియ్యం లేవు. ఉత్త నిప్పు.

నాకు ఒళ్లు మండింది.

"మీకేమన్నా బుద్ధి ఉండాదా? ఏం వేయిస్తాండారు? మీ తలకాయా?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. దాచుకోవడానికి చేతిలో తట్ట తప్ప ఏమీ లేదు. తట్ట కింద పెట్టాడు.

"బట్టీ అంటించని మొదటి దినం టీ కొట్టు పుల్లన్న అడిగినాడు. ఏం శెట్టీ, మూసేసినావా అని. ఆడున్నోళ్లంతా నా దిక్కే చూసిరి. వినవే ఆదీ, మా నాయన కాలంలో పెద్ద కరువొచ్చె. వేయించేదానికి బియ్యం లేవు. అయినా మా నాయన దినాము ఉత్త పొట్టు కాల్చినాడు. నేనే పక్కన కూచుని తోసినా. బళ్లారి బియ్యం వ్యాపారి బస్సు దిగి మన పొగ చూసి, శెట్టి గట్టిగానే ఉండాడని నమ్మి అప్పు మీద బియ్యం దించిపాయ. ఆ బియ్యంతోనే మళ్లా లేచినాం. పొగ ఆగితే కోమటోడు దివాలా తీసినాడంటారు. నాకు తల ఎత్తుకుని తిరగడం కావల్ల కదా."

ఆ పెద్దమనిషి పక్కన చిన్నవాడిగా కూచుని పొట్టు తోసిన ఈయన నా కళ్ల ముందు కనపడ్డాడు. నా కోపం సగం కారిపోయింది. మా అత్త ఆ రోజు మిద్దె మీద నాతో అన్న మాట ఇన్నేళ్లకి అర్థమైంది. కానీ మిగిలిన సగం కోపం అట్లాగే ఉంది.

"మరి ఓబుళేసు?"

ఆయన కట్టెతో నిప్పు కెలికాడు.

"మీ ఎదురుగానే దొంగతనం అంటగట్టితే రాళ్లు ఏరుకుంటా కూచుంటిరి. మీతో పాటు ముసలోడైన మనిషి ఆయన."

"కోడలి ముందర నోరు రాలేదు ఆదీ."

"ఇప్పుడు రావల్ల. బట్టీ ఉంటే ఉండనీ, పోతే పోనీ. మీరు ఓబుళేసు ఇంటికి పోకపోతే రూములకి నేనే ముగ్గు పోయిస్తా. ఈ పొద్దే."

ఆయన లేచి ముందు కోడలి దగ్గరికి పోయాడు. ఏం చెప్పాడో నేను వినలేదు, కావాలనే వాకిట్లో నిలబడ్డాను. లావణ్య బయటికి వచ్చినప్పుడు కళ్లు తుడుచుకుంటోంది. "నేనూ వస్తా. అడిగింది నేను కదా అత్తా" అంది. ముగ్గురం ఎండ ఎక్కాక వీధి మధ్యలోంచే నడిచి పోయాం. పుల్లన్న టీ కొట్టు ముందర నుంచే.

ఓబుళేసు వాకిట్లో నులక మంచం బిగించుకుంటున్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. హనుమంతమ్మ చాప తెచ్చి పరిచింది గాని రమ్మని నోటితో అనలేదు. మా ఆయన కూచోలేదు.

"ఓబుళేసూ, పొట్టు కాల్చింది నేనేనప్పా" అన్నాడు. "బట్టీ లేని దినం ఊరికే కాల్చినా. పొగ కోసరం."

"తెలుసు" అన్నాడు ఓబుళేసు.

లావణ్య తలెత్తి చూసింది. "తెలుసా? తెలిసీ ఎందుకు చెప్పలేదు?"

"మా మిద్దె మీద నుంచి కనపడదామ్మా ఆ పొగ? మొదటి దినమే చూసినా. అది నేను చెప్పేది కాదు. ఆయన చెప్పాల్సింది." ఓబుళేసు మా ఆయన వైపు తిరిగాడు. "కోడలమ్మ అడిగినందుకు నాకేం లేదు శెట్టన్నా. ఆ బిడ్డ నన్ను చూసింది నిన్న మొన్న. నువ్వు రాళ్లు ఏరుకుంటా కూచుంటివే, అదే నాకు కష్టమాయ. ఆ పొద్దంతా అన్నం దిగలే."

మా ఆయన రెండు చేతులూ ఎత్తబోయాడు. దండం పెట్టడానికి. ఓబుళేసు ఒక్క అడుగులో వచ్చి ఆ చేతులు పట్టుకుని కిందికి దించేశాడు. ఇద్దరి అరచేతులూ ఆ ఇసుక వేడికి కాయలు కాసినవే. నేను ఏడ్చాను, దాచుకోలేదు.

"రేపటి బియ్యానికి ఉప్పు పట్టించినారా?" అన్నాడు ఓబుళేసు.

"లేదు" అంది లావణ్య.

"మరి ఈడ నిలబడి ఏం చేస్తాండారు? పదండి, ఎండ పోతే బియ్యం ఆరవు."

"ఉత్త చేతులతో వస్తారా ఎవరి ఇంటికన్నా? ఒక పడి బొరుగులన్నా తేకుండా" అని హనుమంతమ్మ అప్పుడు నోరు విప్పింది. చెంగు నడుముకి దోపుకుని మా కంటే ముందు వీధిలోకి దిగింది.

ఆ తర్వాత పొట్టు మిగలడం మొదలైంది. ఉగాది నాటికి బట్టీ అంగడి వైపు చెయ్యి చాచడం మానేసింది. భరత్ పచ్చడి తింటూ, "రూముల సంగతి ఇంకోసారి చూద్దాంలే" అన్నాడు. మేస్త్రీని పిలిపించాడు నిజమే, పొట్టు తడవకుండా కొట్టానికి రేకులు వేయించడానికి. లావణ్య మొహం ఆ రోజు చూడాల్సింది.

బట్టీ లేని రోజు మా ఆయన ఇప్పుడు వాకిట్లో అరుగు మీద కూచుంటాడు. పొద్దున్నే పుల్లన్న అటు పోతూ, "ఏం శెట్టీ, పొగ లేదే?" అని అడుగుతాడు.

"ఈ దినం అంటించలేదప్పా! అందుకే మిగుల్తాండాది!" అని వీధి మొత్తానికి వినపడేట్టు చెప్తాడు ఈయన. అడగనివాళ్లకి కూడా చెప్తాడు.

బస్సు జనానికి మూటలోంచి బొరుగులు పోస్తాను. కరకరలాడుతూనే ఉంటాయి. అయినా మొన్న ఒకామె కొంగు పట్టుకుని, "వేడివి లేవా శెట్టెమ్మా?" అంది. "రేపు రా తల్లీ" అన్నాను. రేపు ఆమె బెంగళూరులో ఉంటుంది. నాకు తెలుసు, ఆమెకీ తెలుసు. పోసినవే మూటగట్టుకుని పోయింది. వాసన లేని పొద్దున మా వీధి ఆలస్యంగా లేస్తోంది. అది నాకు బాధగానే ఉంది, లాభం వచ్చినా సరే బాధగానే ఉంది.

నిన్న బట్టీ లేని రోజు. నేను మిద్దె మీద చీరలు ఆరేస్తున్నాను. ఆకాశం ఖాళీగా ఉంది. నా చీరల మీద ఒక్క మసి చుక్క కూడా లేదు. కొత్త పెళ్లికూతురిగా వచ్చిన నాటి నుంచి నేను కోరుకున్నది అదే. అయినా ఏదో దిగులు.

కింద అరుగు మీద మా ఆయన పక్కన ఓబుళేసు కూచుని ఉన్నాడు. పని లేని రోజు కూడా వస్తున్నాడు ఈ మధ్య. ఇద్దరూ తలలు పైకెత్తి పొగగొట్టం వైపే చూస్తున్నారు.

"బోడిగా ఉండాది శెట్టన్నా" అన్నాడు ఓబుళేసు.

"రేపు వస్తాదిలే" అన్నాడు మా ఆయన.